లెట్రోజోల్ కీళ్ళనొప్పులకు కొరియా హనీవన్ (సంప్రదాయ వైద్యశాల) ఆక్యుపంక్చర్ సూదులు: వెళ్ళినవాళ్ళు ఉంటే చెప్పండి

చలిమంట (సువాన్)

నమస్తే అండీ. కొరియాలో ఉంటూ రొమ్ము క్యాన్సర్‌కి ఇక్కడే వైద్యం చేయించుకున్న తెలుగువాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉన్నారని పాత పోస్టుల్లో చూశాను. మీకోసమే ఇది. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

నాకు 44. ఇక్కడ 40 దాటిన ఆడవాళ్ళకి రెండేళ్ళకోసారి మామోగ్రామ్ ఉంటుంది కదా, పోయినేడాది అందులో ఎడమవైపు తేడా కనబడింది. బయాప్సీ, ఆపరేషన్, నాలుగు కీమోలు, 19 రోజుల రేడియేషన్, అన్నీ అయిపోయాయి. హార్మోన్ పాజిటివ్ (అంటే ఒంట్లో హార్మోన్‌తో పెరిగే రకం), హెర్ టూ నెగటివ్. ఇప్పుడు ఈస్ట్రోజెన్ తగ్గించడానికి రోజుకో లెట్రోజోల్ మాత్ర, అండాశయాలు పనిచెయ్యకుండా నాలుగు వారాలకోసారి పొట్టలో గోసెరెలిన్ సూది. (ఆ సూది లావు చూశాక ఇక ఏ సూదీ నాకు సూదిలా అనిపించట్లేదు.)

గొడవంతా లెట్రోజోల్‌తోనే. మూడో నెల నుంచి పొద్దున లేచేసరికి వేళ్ళు ముడుచుకోవు. మంచం దిగి మొదటి పది అడుగులు మా అమ్మమ్మలా గోడ పట్టుకుని నడుస్తున్నాను. మెట్రో మెట్లు ఎక్కడం పర్వాలేదు, దిగడమే నరకం. కుడిచేతి ఉంగరం వేలు ముడిస్తే అక్కడే పట్టేస్తుంది, రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. కోడింగ్ మీద బతికేదాన్ని, ఆ ఒక్క వేలు ఎన్నిసార్లు కావాలో ఇప్పుడు తెలుస్తోంది.

పెద్దాసుపత్రి డాక్టరుగారికి చెప్పాను. మనకి దొరికేది మూడు నిమిషాలేగా. "మాత్ర వల్లే, నొప్పిమందు రాస్తాను, బాగా నడవండి, హన్యాక్ మాత్రం తాగొద్దు" అన్నారు. హన్యాక్ (ఇక్కడి మూలికల మందు) మాట నేను ఎత్తనే లేదు! ఇక్కడ అందరూ తాగుతారని ఆయనే ముందు చెప్పేశారన్నమాట. "మరి సూదులు?" అని అడిగేలోపు స్క్రీన్ మీద తర్వాతి పేషెంటు పేరు వచ్చేసింది.

ఇక మా పై అంతస్తు ఆన్నీ (అక్క అన్నమాట). ఆవిడకి ఏడేళ్ళ కిందట ఇదే జబ్బు, ఇప్పుడు గుండ్రాయిలా ఉంది. వారం వారం హనీవన్‌కి వెళ్తుంది. నన్ను లిఫ్టులో నఖశిఖపర్యంతం చూసి "నువ్వు సొయూమిన్‌వి, ఒళ్ళు చల్లన, నీకు హాంగ్‌సమ్ పడుతుంది" అని తేల్చేసింది. మర్నాడే ఎర్ర జిన్సెంగ్ పెట్టె గుమ్మం ముందు. చూసోక్ పండక్కి ఆఫీసువాళ్ళు ఇచ్చిన పెట్టెలు ఫ్రిజ్ మీద ఇంకో రెండున్నాయి. ఒక్కటీ తెరవలేదు. ఈ శనివారం తనతో హనీవన్‌కి రమ్మంటోంది. మావారు "అదంతా సైన్సు కాదు" అని ఒక్క మాటతో కొట్టిపారేశారు. ఆయన మోకాళ్ళు బాగున్నాయి కాబట్టి అనగలరు.

నాకు తెలియాల్సింది ఇదీ. లెట్రోజోల్ నొప్పులకి సూదులు నిజంగా ఎవరికైనా పనిచేశాయా? ఎడమ చంకలో మూడు లింఫ్ గ్రంథులు తీశారు, ఆ చేతికి సూది పెడితే వాపు వస్తుందా? వెళ్తే కషాయం అంటగట్టకుండా వదులుతారా? పెద్దాసుపత్రిలో చెప్పాలా, నోరు మూసుకోవాలా? ఇవన్నీ చేతగాక లెట్రోజోలే మానేద్దామా అనే ఆలోచన కూడా ఒకటి రెండుసార్లు వచ్చింది. దాచడమెందుకు, అదీ చెప్తున్నాను.


నత్తనడక (దేజన్)

చలిమంట గారూ, ముందు మాత్ర మానకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నాకు 2021లో ఆపరేషన్, 47 ఏళ్ళు ఇప్పుడు. మీలాగే ఎడమవైపు, మీలాగే హార్మోన్ పాజిటివ్. దేజన్‌లో ల్యాబులో పని, కొరియన్ బజారు వరకూ వచ్చు, ఆసుపత్రి వరకూ రాదు. ఈ రెండో మాట ఎందుకు చెప్తున్నానో కిందికొస్తే తెలుస్తుంది.

నేను హనీవన్‌కి మొదటిసారి వెళ్ళింది కీళ్ళకి కాదు, కీమో మధ్యలో, నీరసానికి. కీమో వార్డులో నా చుట్టూ ఉన్న ఆన్నీలందరి సంచుల్లోనూ ఏదో ఒకటి ఉండేది. ఒకావిడ సాంగ్‌హ్వాంగ్ పుట్టగొడుగు నీళ్ళు ఫ్లాస్కులో తెచ్చుకునేది, ఒకావిడ నల్లమేక సారం. నర్సు వస్తోందంటే ఫ్లాస్కులన్నీ దుప్పట్ల కిందకి. పరీక్షలో చీటీలు దాచిన పిల్లల్లా ఉండేవాళ్ళం. నేనూ ఒకదాన్నయితే పోలా అనిపించింది.

మా వీధి చివరి హనీవన్‌కి వెళ్ళాను. చెప్పులు విడిచి వాళ్ళ చెప్పులు వేసుకోవాలి, లోపలంతా ఉడికిన వేళ్ళ వాసన. అరవై దాటిన హనీసా (హనీవన్ వైద్యుడు). మూడు వేళ్ళతో రెండు మణికట్లూ పట్టుకుని చాలాసేపు నాడి చూశాడు, నాలుక చూశాడు, నిద్ర అడిగాడు, విరేచనం అడిగాడు, ఆఖరికి "ఎవరిమీదైనా కోపం మింగుకుంటున్నావా" అని అడిగాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడాదిగా అన్ని స్కాన్లు తీశారు, ఆ ప్రశ్న ఎవ్వరూ అడగలేదు మరి. మింగిన కోపానికి వీళ్ళకి హ్వాబ్యాంగ్ అని జబ్బు పేరే ఉందని తర్వాత తెలిసింది. ఇక్కడికి జనం ఎందుకొస్తారో ఆరోజు సగం అర్థమైంది. ఆ ఇరవై నిమిషాలకోసం వస్తారు. సూది తర్వాతి సంగతి.

అంతా అయ్యాక నా రక్తపరీక్ష కాగితం అడిగాడు. ఫోన్లో చూపించాను. తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి ఆ వారం. కాగితం చూసి "ఇవాళ సూది పెట్టను, ఇవి పెరిగాక రా" అని పంపించేశాడు. డబ్బులూ తీసుకోలేదు. ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

గురి కుదరనిది ఇంకోచోట. క్యాన్సర్‌వాళ్ళకే ప్రత్యేకం అని బోర్డు పెట్టుకున్న చోటు, పేరొద్దు. నాడి చూడ్డానికి ముందే కౌన్సెలర్ వచ్చి కూర్చుంది. ఐదు నెలల ప్యాకేజీ, కషాయం, యాక్‌చిమ్ (మందు ఎక్కించే సూదులు, వీటికి ఇన్సూరెన్సు వర్తించదు), రోగనిరోధక శక్తి అన్న మాట ఒక పది పన్నెండుసార్లు. నా రిపోర్టు ఒక్కటీ అడగలేదు. రసీదు కొట్టేలోపు ఫోనొచ్చినట్టు నటించి బయటపడ్డాను. రిపోర్టు అడిగారా, ప్యాకేజీ చెప్పారా, ఏది ముందో చూసుకోండి. నాకు అదే కొలబద్ద అయిపోయింది.

ఇప్పుడు నా తప్పు. కీమో అయ్యాక మొదటి ముసలి హనీసా దగ్గరే ఒక "జే" కషాయం తీసుకున్నాను. ఒత్తిడి పాత్రల్లో కాచి, పాల ప్యాకెట్లలా సీలు వేసిన పౌచులు, రోజుకి మూడు చొప్పున పదిహేను రోజులకి. 3 లక్షల వాన్ పైచిలుకు అయింది. ఆయన ఇచ్చిన ఫారంలో "హార్మోన్ యాంగ్‌సంగ్" అని రాశాను. ఆంకాలజీ నర్సు నాకు నేర్పిన మాట అది, హార్మోన్ పాజిటివ్ అని. తీరా ఏమిటంటే కొరియన్‌లో యాంగ్‌సంగ్ అంటే పాజిటివూ అవుతుంది, ప్రమాదం లేని గడ్డా అవుతుంది. పలకడం ఒకటే, రాయడం ఒకటే. కౌంటర్‌లో అమ్మాయి రెండోది అనుకుని కంప్యూటర్‌లో ఎక్కించేసింది. నా తెల్లకణాలు గుర్తున్న మనిషి కూడా ఆరోజు రద్దీలో స్క్రీన్ చూసే మందు రాశాడు.

నాలుగు రోజులు తాగాక ఎందుకో అనుమానమొచ్చి ఏమేం వేశారో జాబితా అడిగాను. సిప్‌జన్‌దేబోతాంగ్‌కి దగ్గరి యోగం. పది దినుసుల బలం మందు, జబ్బుపడి లేచినవాళ్ళకి ఇక్కడ తరతరాలుగా ఇచ్చేదే. అందులో దాంగ్వీ అనే వేరు ఉంటుంది, కామ్చో ఉంటుంది, జిన్సెంగ్ ఉంటుంది. దాంగ్వీ మీద హార్మోన్ పాజిటివ్ వాళ్ళు జాగ్రత్తగా ఉండాలని అప్పటికే చదివి ఉన్నాను. పరిగెత్తుకెళ్ళాను. ఆయన ఫారం చూసి, స్క్రీన్ చూసి, ఆ అమ్మాయిని పిలిచి, తర్వాత నాకు వంగి దణ్ణం పెట్టాడు. మిగిలిన పౌచుల డబ్బు తిరిగిచ్చేశాడు. ఆ నాలుగు రోజుల వల్ల నాకేమైనా అయిందా అంటే ఏమీ కాలేదు. కానీ ఆ వారం నిద్ర లేదు. అప్పటినుంచి నోటితో చెప్పను, ఫారం నమ్మను. పాథాలజీ రిపోర్టు కొరియన్ కాపీనే తీసుకెళ్ళి బల్లమీద పెడతాను. మీరూ అంతే చెయ్యండి.

సూదుల సంగతికొస్తాను. లెట్రోజోల్ మొదలయ్యాక నాకూ మోకాళ్ళు, మణికట్లు, మడమలు పట్టేశాయి. రక్తం లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి అదే ముసలాయన దగ్గర మొదలుపెట్టాను. కరెంటు పరుపు వెచ్చగా ఉంటుంది, పైన ఎర్ర దీపం. సూదులు వెంట్రుకకంటే కొంచెం లావు, పెట్టడం తెలీదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టినప్పుడు మాత్రం భుజందాకా జివ్వుమంటుంది. ఎడమ చేతికి, ఎడమ రొమ్ము చుట్టుపక్కల ఒక్క సూదీ పెట్టలేదు, నేను అడక్కముందే. ఆ పక్క నొప్పికి కూడా కుడిచేతికీ కాళ్ళకీ పెట్టేవాడు. బుహాంగ్ కప్పులు (చర్మాన్ని పీల్చిపట్టేవి) వీపుకి వేస్తానంటే వద్దన్నాను. గుండ్రటి మచ్చలతో స్కానింగ్‌కి వెళ్ళడం నాకిష్టం లేదు. అంతే, వేరే కారణం లేదు.

వారానికి రెండుసార్లు. పోయినప్పుడల్లా నాకు పదివేల వాన్ లోపే అయింది, సూదులకి ఇన్సూరెన్సు ఉంది కాబట్టి. మూడు వారాలు ఏమీ తెలీలేదు, మానేద్దామనుకున్నాను. నాలుగో వారం ఒక పొద్దున బాత్రూంలో ఉండగా గుర్తొచ్చింది, గోడ పట్టుకోకుండానే వచ్చానని. నొప్పి పోలేదు. పొద్దుటి బిగువు గంటన్నర ఉండేది అరగంటకి వచ్చింది. చెమటలు పట్టే వేడి ఆవిర్లు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి నా విషయంలో సూది ఏమీ చెయ్యలేదు. రెండు నెలలయ్యాక వారానికి ఒకసారి, ఇప్పుడు చలికాలంలోనే వెళ్తున్నాను. మాత్ర నాలుగో ఏడు నడుస్తోంది, మానలేదు. నాకు సూదులు చేసిన మేలు అదే అనుకుంటాను.

పెద్దాసుపత్రిలో చెప్పాలా అన్నారు. చెప్పండి. తిడతారేమో అని నేను ఏడాది దాచాను. ఈ దేశంలో రెండు రకాల డాక్టర్లకీ రెండు వేరు లైసెన్సులు, 1951 చట్టం నాటినుంచీ ఇంతే. వీళ్ళ మందు వాళ్ళు రాయకూడదు, వాళ్ళ మందు వీళ్ళు రాయకూడదు. ఒకళ్ళ కంప్యూటర్ ఇంకొకళ్ళకి కనబడదు. మధ్యలో కబుర్లు మోసే మనిషివి నువ్వే చెల్లీ (చెల్లీ అన్నందుకు ఏమీ అనుకోకండి). ఆ మనిషి కూడా సగం దాచిపెడితే ఇక ఎవరికి ఏం తెలుస్తుంది?


ఓడలరేవు (ఉల్సాన్)

నత్తనడక గారు సూదుల గురించి చెప్పారు. నేను పౌచుల గురించి చెప్తాను. మా ఆవిడ తరఫున రాస్తున్నా, తను పక్కనే కూర్చుని చదువుతోంది.

తనకి మూడో కీమో తర్వాత తిండి సహించక ఆరు కిలోలు తగ్గింది. మా ఓడల యార్డులో కొరియన్ ఫోర్‌మన్ భార్య ఒకచోటికి తీసుకెళ్ళింది. ఆకలి పుట్టే కషాయం ఇచ్చారు. నిజం చెప్పాలంటే ఆకలి పుట్టింది. ఇంట్లో అందరం సంబరపడ్డాం. ఆంకాలజిస్టుకి చెప్పలేదు. నేనే వద్దన్నాను. చెబితే వైద్యం ఆపేస్తారేమో అని పిచ్చిభయం.

నాలుగో కీమోకి వెళ్తే రక్తపరీక్షలో గాన్‌సుచి 200 దాటింది. లివర్ అంకెల్ని ఇక్కడందరూ ఆ మాటే అంటారు, కొరియాలో క్యాన్సర్ ఇంట్లో పిల్లలకి కూడా వచ్చే మాట అది. కీమో వాయిదా. డాక్టరమ్మ "బయటివి ఏమైనా తీసుకున్నారా" అని అడిగింది. మా ఆవిడ నా మొహం చూసింది. నేను నేల చూశాను. అప్పుడు చెప్పాం.

డాక్టరమ్మ అరవలేదు. ఒకటే మాటంది: "కీమో మందు వల్ల కూడా ఇలా పెరగొచ్చు, కషాయం వల్ల కూడా పెరగొచ్చు. మీరు ముందే చెప్పి ఉంటే, మొదలుపెట్టడానికి ముందు ఒక పరీక్ష, తర్వాత ఒక పరీక్ష చేసి ఏదో తేల్చేదాన్ని. ఇప్పుడు తేల్చలేను." మూడు వారాలు ఆలస్యమైంది. కషాయం ఆపాక అంకెలు దిగాయి. అయితే కీమో కూడా ఆగింది కదా, అందువల్ల దిగాయేమో. ఇప్పటికీ మాకు తెలీదు. హనీవన్‌ వాళ్ళని తిట్టడానికి కూడా లేకుండా పోయింది. ఆ తర్వాత మోతాదు తగ్గించి మిగతావి పూర్తి చేశారు.

డబ్బు సంగతి కూడా ఒక ముక్క. క్యాన్సర్ అని నమోదయ్యాక ఐదేళ్ళు ఇన్సూరెన్సులో ఉన్న వైద్యానికి మన వాటా 5 శాతమే కదా. కషాయానికి అదేం లేదు, మొత్తం జేబులోంచే. పౌచులకి మేం పెట్టిందీ, ఆపరేషన్‌కి మా వాటాగా కట్టిందీ దగ్గర దగ్గర ఒకటే. బిల్లులు పక్కపక్కన పెట్టి చూసుకున్నరోజు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఇంకోటి. 2019లో ఇక్కడ కుక్కల పురుగుల మందు పిచ్చి పట్టింది గుర్తుందా? యూట్యూబ్ చూసి క్యాన్సర్ పేషెంట్లు పశువుల మందుల షాపుల మీద పడ్డారు, ప్రభుత్వం వద్దని హెచ్చరించింది. అది హన్యాక్ కాదు, నాకు తెలుసు. కానీ మా ఇంట్లో పౌచు తెరిచిన చెయ్యి కూడా అదే భయంతో తెరిచింది.

మా ఆవిడ ఇది కూడా రాయమంటోంది: ఆ కషాయం చేదుగా లేదట, చింతపండు లేని రసంలా ఉందట.


మాత్రలడబ్బా (సియోల్)

ఫార్మసీ చదివాను, ఇక్కడ మందుల పరిశోధనలో ఉన్నాను. డాక్టర్ని కాదు. నాకు క్యాన్సర్ లేదు, మా అత్తగారికి వచ్చింది.

చలిమంట గారూ, మీవారికి ఇది చూపించండి. లెట్రోజోల్ లాంటి మాత్రలు వేసుకుంటూ కీళ్ళు నొప్పులుపడే 226 మంది స్త్రీల మీద అమెరికాలో పదకొండు చోట్ల ఒక ట్రయల్ చేశారు, 2018లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. మూడు గుంపులు: అసలు ఆక్యుపంక్చర్, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, ఏమీ లేకుండా ఎదురుచూసేవాళ్ళు. మొదటి ఆరు వారాలు వారానికి రెండుసార్లు, తర్వాత ఆరు వారాలు ఒకసారి. ఆరు వారాలకి, పదికి ఇన్ని అని వేసుకునే నొప్పి మార్కు అసలు సూదులవాళ్ళకి 2 చిల్లర తగ్గింది, మిగతా రెండు గుంపులకీ 1 దగ్గర. అద్భుతం కాదు, సున్నా కూడా కాదు. నత్తనడక గారి గంటన్నర అరగంట అవడం నాకు ఆశ్చర్యమనిపించలేదు. అందులో ఉన్నవాళ్ళందరూ ముట్లుడిగినవాళ్ళు. మీకు గోసెరెలిన్‌తో తెప్పించిన స్థితి కాబట్టి అచ్చంగా మీ లెక్క కాదు, కానీ దగ్గరిదే. 2022లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం నొప్పి మార్గదర్శకాల్లో కూడా ఈ నొప్పులకి ఆక్యుపంక్చర్ పెట్టారు. "సైన్సు కాదు" అనేవాళ్ళకి ఇది చాలు.

కషాయం వేరే సంగతి. సూది పెట్టినచోటే ఆగుతుంది, కషాయం లివర్ దాకా వెళ్తుంది. మీ మాత్ర కూడా లివర్ గుండానే పోవాలి. లెట్రోజోల్ చేసే పనంతా ఒంట్లో ఈస్ట్రోజెన్‌ని అడుగంటించడం. ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తించే గుణం ఉండొచ్చని ల్యాబులో అనుమానం తగిలిన దాంగ్వీ లాంటి మూలికని పైనుంచి పొయ్యడం ఎందుకు? మనుషుల్లో హాని రుజువైందా అని మా హనీసా స్నేహితుడు నన్ను నిలదీస్తుంటాడు. రుజువు కాలేదు. హాని లేదని కూడా రుజువు కాలేదు కదా, ఆ ప్రయోగం నా ఒంటి మీద ఎందుకు అంటాను నేను. ఈ వాదన మా మధ్య ఎనిమిదేళ్ళుగా సాగుతోంది, ఇద్దరం మారలేదు. కామ్చో అంటే మన అతిమధురం. ఎక్కువరోజులు తాగితే పొటాషియం పడిపోయి బీపీ పెరుగుతుంది, దానికి మాత్రం వాదన లేదు.

మాత్ర మానేద్దామనిపించింది అన్నారు చూడండి, నాకు అసలు ఆ వాక్యమే భయమేసింది. 2018లోనే ఇంకో పరిశోధన వచ్చింది. మామూలు వైద్యం వద్దని ప్రత్యామ్నాయ వైద్యమే నమ్ముకున్న రొమ్ము క్యాన్సర్ రోగులకి చావు ముప్పు 5.68 రెట్లు అని తేలింది. మీరు ఆ గుంపు కాదు, మీ వైద్యం అయిపోయింది, ఇది వేరు. అయినా మాత్ర మానడం కన్నా డాక్టర్ని అడిగి మార్చుకోవడం మేలు. అదే జాతిలో అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ ఉన్నాయి. ఒకటి పడనివాళ్ళకి ఇంకోటి పడుతుంది చాలాసార్లు. నొప్పికి డులోక్సెటీన్ అని ఒక మందుంది, దానికీ ట్రయల్ ఉంది. మూడు నిమిషాల్లో ఆయనకి గుర్తుచేసే బాధ్యత మీదే. కాగితం మీద కొరియన్‌లో రాసి తీసుకెళ్ళండి.

సొయూమిన్ మాట. 19వ శతాబ్దం చివర్లో లీ జేమా అనే వైద్యుడు మనుషుల్ని నాలుగు తత్వాలుగా విడగొట్టాడు, అందులో ఒకటి అది. మన వాత పిత్త కఫాలు తెలిసినవాళ్ళకి కొత్తేం కాదు. కానీ ఆయన కూడా లిఫ్టులో తేల్చమని చెప్పి ఉండడు.

రెండు వైద్యాలూ ఒకే గొడుగు కింద కావాలంటే అలాంటి చోట్లున్నాయి. సియోల్‌లో గాంగ్‌డాంగ్ క్యాంగ్ హీ ఆసుపత్రిలో రెండూ పక్కపక్కనే. దక్షిణాన యాంగ్‌సాన్‌లో పూసాన్ జాతీయ విశ్వవిద్యాలయం వాళ్ళవి కూడా పక్కపక్క భవనాలే. ఓడలరేవు గారికి అది దగ్గరేమో.


చలిమంట (సువాన్)

ఏడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మీ ముగ్గురి పోస్టులూ మావారు చదివారు. 226 మంది దగ్గర ఆగి మళ్ళీ చదివారు. తర్వాత శనివారం కారు తనే తీశారు, నోరెత్తలేదు.

పై అంతస్తు ఆన్నీ చెప్పిన చోటికే వెళ్ళాను. నడివయసు ఆడ హనీసా. పాథాలజీ కాపీ బల్లమీద పెట్టాను. యాంగ్‌సంగ్ అన్న మాట మీద వేలు పెట్టి "ఇది ఏ యాంగ్‌సంగ్?" అని అడిగాను. పాజిటివ్ అని హాన్జా (చైనా) అక్షరాల్లో రాసి చూపించి నవ్వింది. "ఇది అడిగిన మొదటి పేషెంటువి నువ్వే" అంది. నత్తనడక అక్కా, ఆ నవ్వు మీ ఖాతాలోకి. కషాయం మాట ఒకసారి ఎత్తింది, మా డాక్టరు వద్దన్నారు అన్నాను, మళ్ళీ ఎత్తలేదు.

పన్నెండుసార్లు అయ్యాయి. ఎడమ చెయ్యి ముట్టుకోలేదు. మొదలుపెట్టినరోజు నుంచి పడుకునేముందు ఫోన్లో నొప్పికి మార్కు వేస్తున్నాను. మొదటి వారం సగటు 7, పోయిన వారం 4. కానీ ఒక చిక్కుంది. అదే వారం నుంచి సాయంత్రాలు హ్వాసంగ్ కోట గోడ వెంబడి నడక కూడా మొదలుపెట్టాను, హ్వాసమున్ ద్వారం దగ్గర ఎక్కి జాంగాన్‌మున్ ద్వారం దాకా, రానూ పోనూ. సూదులా, నడకా? ఓడలరేవు గారూ, మీ బాధ నాకిప్పుడు అర్థమైంది. రెండింట్లో ఒకటి ఆపి చూడమన్నారు మావారు. మోకాలు ఆయనది కాదు కదా అన్నాను.

పెద్దాసుపత్రిలో చెప్పేశాను. ముందు నర్సుకి కాగితం ఇచ్చాను, ఆవిడే ఎక్కించింది. డాక్టరుగారు చదివి "సూదులు ఫర్వాలేదు, జ్వరమొస్తే వెంటనే రండి, హన్యాక్ వద్దు" అన్నారు. రెండు నెలలు భయపడింది ఈ మూడు ముక్కలకా అనిపించింది. మూడు నెలల్లో ఇలాగే ఉంటే ఎక్సెమెస్టేన్‌కి మారుద్దామన్నారు, ఆ మాట కూడా కాగితంలో ఉండబట్టే వచ్చింది. మాత్రలడబ్బా గారికి దణ్ణాలు.

హాంగ్‌సమ్ పెట్టెలు మూడూ ఆఫీసులో పంచేశాను. ఆన్నీకి తెలిసి రెండ్రోజులు మాట్లాడలేదు, మూడోరోజు ముల్లంగి కిమ్చీ డబ్బా ఇచ్చింది. అది తిన్నాను.

ఉంగరం వేలు మాత్రం అలాగే ఉంది. పన్నెండుసార్లు సూదులు పెట్టినా లొంగలేదు, ఇప్పుడు టైపు చేస్తుంటే కూడా రెండుసార్లు పట్టేసింది. అది తన పని కాదని హనీసాయే చెప్పి, చేతి డాక్టరుకి చూపించుకోమంది. మంగళవారం అపాయింట్‌మెంట్.